చేతి మీది పేరు

అయినా డాక్టరమ్మ రాసిచ్చిన వస్తువుకి ముళ్ళపంది అని పేరు పెట్టేవాళ్ళు ఉంటారా, ఉంటారు, ఈ ఇంట్లోనే ఉన్నాడు ఒక మహానుభావుడు, పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఏమోయ్ నీ ముళ్ళపందిని స్నానానికి దింపావా అని ఒక మాట విసిరేసి డ్రైవింగ్ స్కూలుకి చక్కా పోయాడు, ఆదివారాలే కదా కారు నేర్చుకునేవాళ్ళు ఎక్కువ వచ్చేది, దింపానండీ దింపాను, ఇదిగో గాజుగ్లాసులో స్పిరిట్టు పోసి తలకిందులుగా దింపాను, పిడి పైకి, ముళ్ళు కిందికి, చూడబోతే పళ్ళు తోముకునే బ్రష్షంత లేదు, చివర బొటనవేలంత చక్రం, దాని చుట్టూ వెంట్రుకల్లాంటి పొట్టి సూదులు, కంటికి ఆనేవి కొన్ని, ఆననివి బోలెడు, ఆ స్పిరిట్టు వాసన ముక్కుకి తగిలిందా ఇక ఆమెకి ఆసుపత్రి బల్ల గుర్తొచ్చేస్తుంది, కాళ్ళు నేలకందని ఎత్తు బల్ల, అమ్మ చేతిలో తన చెయ్యి, అమ్మ మొహం మాత్రం ఆ చేతివైపు లేదు, వద్దు, అక్కడికి ఇప్పుడే వెళ్ళొద్దు, ముందు చేతులు కడుక్కోవాలి, సబ్బుతో, మోచేతుల దాకా, కుళాయి కట్టినా చుక్క చుక్క కారుతూనే ఉంది, వాషరు మార్చమని చెప్పి ఎన్నాళ్ళయిందో, ముళ్ళపంది మీద జోకులు వెయ్యడానికి తీరిక ఉంటుంది గానీ వాషరు మార్చడానికి ఉండదు, సాయంత్రం టీకి వస్తానని తమ్ముడు మెసేజి పెట్టాడు, అప్పటికి చేతి ఎరుపు తగ్గిపోతుంది, తగ్గకపోతే పొడుగు చేతుల నల్లచొక్కా ఉండనే ఉంది, ఇన్ని నెలలూ వాడికి తెలియకుండా లాక్కొచ్చింది, ప్రెస్సులో క్యాలెండర్ల పని తగిలి వాడు ఇటు రానేలేదు, వీడియో కాల్లో మచ్చ ఎలాగూ సరిగ్గా ఆనదు, ఇవాళ ఒక్కరోజు గడిచిపోతే చాలు.

కిటికీ దగ్గర బల్ల, బల్ల మీద ఉతికిన తువ్వాలు, దాని మీద ఎడం చెయ్యి బోర్లా, ఎప్పుడు చూసినా పాలు ఒలికినట్టే ఉంటుంది ఈ మచ్చ, మణికట్టు దగ్గర మొదలై వేళ్ళ మొదళ్ళ దాకా పారి అక్కడ ఆగింది, చుట్టూ చామనఛాయ, మధ్యలో ఏ ఛాయా లేదు, ఎండలకి చుట్టుపక్కలంతా నల్లబడితే ఇది మాత్రం మొండికేసి ఇంకా తెల్లగా కూర్చుంటుంది, కొట్లో చిల్లర చేతిలో వెయ్యబోయినవాళ్ళు ఆ తెలుపు చూసి చిల్లర బల్ల మీద పెట్టేస్తారు, అంటుకునేది కాదండీ, చిన్నప్పుడు కాలింది అని చెప్పీ చెప్పీ ఆ మాట అరిగిపోయింది, అదంతా సరే, దానికేం బాధ లేదు, బాధపడింది ఆ స్టూడియోలో, వార్తలు చదివేవాళ్ళ పక్కన తెర మూల చిన్న గడి ఉంటుంది కదా, అందులో నిలబడి వినపడనివాళ్ళకి సైగలతో వార్తలు చెప్పే పని, ఆసుపత్రుల్లో కోర్టుల్లో ఆఫీసుల్లో దుబాసీగా తిరిగి తిరిగి కాళ్ళరిగిన మనిషికి అదొక మెట్టు, పైగా తమ్ముడు, తమ్ముడి పెళ్ళాం, వాళ్ళ స్నేహితులు, అందరూ ఇళ్ళల్లో కూర్చుని తన చేతుల్లో లోకాన్ని చూస్తారు, ఆ ఆశతో వెళ్ళింది, కెమెరా ఆయన మంచివాడే, మొహమాటపడుతూనే అన్నాడు, మేడం, మీ సైగలు ముత్యాల్లా ఉన్నాయి, కానీ ఆ తెల్లమచ్చ ఉంది చూశారా, చిన్న గడిలో చెయ్యి కదిలినప్పుడల్లా కన్ను దాని వెంటే పోతోంది, మాట వెనకబడిపోతోంది అని, కోపం తెచ్చుకుందామంటే కోపం కూడా రాలేదు, ఎందుకంటే ఆ మాట తన మాటే, కొత్తగా నేర్చుకునే పిల్లలని రోజూ తిట్టేది తనే కదా, ఉంగరం తియ్యి, గోళ్ళ రంగు తియ్యి, చారల చొక్కా వేసుకొస్తే గుమ్మంలోంచే పంపించేస్తా, చెయ్యి మాట్లాడుతుంటే చేతి మీద ఇంకేదీ మాట్లాడకూడదు అని, మేకప్ చేసే అమ్మాయి పాపం కష్టపడి రంగు కలిపి మచ్చ మీద పూసింది, వానల వార్త అయ్యేసరికి ఆ రంగంతా కాలరుకీ గుండెలకీ అంటుకుపోయింది, సైగ అన్నాక చెయ్యి గుండెని తాకుతుంది, గడ్డాన్ని తాకుతుంది, రెండో చేతిని తాకుతుంది, పై పూతలు ఎక్కడ నిలుస్తాయి, చర్మానికే రంగు రావాలి, లోపల్నించి.

సరే, మొదలుపెడదాం, నిలువుగా కాసేపు, అడ్డంగా కాసేపు, తర్వాత ఐమూలగా అటూ ఇటూ, తేలిగ్గా, చూడమ్మా, ఇంట్లో వాడే సూదులు పొట్టివి, పైపైనే తగలాలి, లోతుగా గుచ్చే పని ఏదైనా ఉంటే నా దగ్గరే అని డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పింది, చెప్పినా వింటేనా, మొదట్లో తొందరకొద్దీ అదిమి అదిమి తిప్పి చెయ్యంతా పొక్కులు కట్టించుకుని వెళితే ఏంటమ్మా గోడకి సున్నం కొట్టినట్టు రుద్దావు, దీన్ని బతిమాలాలి గానీ బెదిరించకూడదు అని చీవాట్లు పెట్టి కొన్ని వారాలు చక్రం ముట్టుకోనివ్వలేదు, ఇప్పుడు బతిమాలుతోంది, చిమచిమ, ఇసకలో చెయ్యి పెట్టినట్టు, చీమలు వరసగా నడిచినట్టు, రంగు వస్తుందా డాక్టరు గారూ అంటే రావచ్చు, రాకపోవచ్చు, నేను దేవుణ్ణి కాను అంది, ఎలా వస్తుందండీ అంటే మాత్రం ఆ గంభీరమైన మనిషి మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగింది, కాలిన చోట రంగు తయారుచేసే కణాలు పోయాయమ్మా, కానీ అన్నీ పోలేదు, మచ్చ అంచుల్లో ఉన్నాయి, వెంట్రుకల కుదుళ్ళలో కొన్ని దాక్కుని ఉంటాయి, వాటికి ఇక్కడ పనుందని తెలియదు, మనం గాయం చెయ్యడం లేదు, గాయమైందని చర్మాన్ని నమ్మిస్తున్నాం, అది నమ్మిందా, బాగుచెయ్యడానికి ఎవరెవరో బయల్దేరతారు, ఆ హడావుడిలో వీటికి కూడా మెలకువ వస్తే రావచ్చు అంది, ఆమెకి ఒళ్ళు గగుర్పొడిచింది, ఎందుకంటే ఆ పద్ధతి తనకి తెలుసు, తొమ్మిదేళ్ళప్పట్నించీ తెలుసు, వినపడని మనిషిని ఎలా పిలుస్తాం, గొంతు చించుకుంటే పలుకుతాడా, దగ్గరికి వెళ్ళి భుజం మీద వేలితో తడతాం, ఇదిగో నిన్నే, ఇటు చూడు, ఇటు, అంతే కదా ఈ సూదులు చేస్తున్నది, వందల వేళ్ళతో తట్టి పిలుస్తున్నాయి, ఇన్నేళ్ళుగా అటు తిరిగి కూర్చున్నవాళ్ళని, ఓయ్, మిమ్మల్నే, ఇటు తిరగండి, ఎంత గొప్ప సంగతి ఇది, తన చేతిలో తనకి తెలియని జనం, తను పుట్టినప్పట్నించీ తనతోనే ఉండి, ఒక్కసారి కూడా ఎదురుపడని జనం.

అటు తిరిగి కూర్చున్నవాడు, తమ్ముడే, అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు వాడికి, అటు తిరిగి కూర్చుని సీసా మూతలు వరసగా పేరుస్తున్నాడు, పొయ్యి మీద స్నానానికి నీళ్ళు మరుగుతున్న పెద్ద గిన్నె, దించేటప్పుడు పట్టుకోవడానికి గిన్నె అంచుకి చుట్టి ఉంచిన గుడ్డ, దాని కొస కిందికి వేలాడుతోంది, మూతల్లో ఒకటి దొర్లి పొయ్యి గట్టు కిందికి పోయింది, వాడు దానికోసం పాకి, లేవడానికి ఆసరా కావాలి కదా, ఆ కొస పట్టుకున్నాడు, తను గుమ్మంలో ఉంది, తొమ్మిదేళ్ళ పిల్ల, ఒరేయ్ అని అరిచింది, పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చేంత అరుపు, ఒరేయ్ వదలరా, వాడు తిరగలేదు, కనీసం ఉలిక్కిపడలేదు, గుడ్డ లాగుతూనే ఉన్నాడు, ఆ తర్వాత తనేం ఆలోచించలేదు, నోరు పనిచెయ్యకపోతే ఇంకేదో పనిచెయ్యాలి, చెయ్యి వెళ్ళింది, అంతే, చెయ్యి దానంతటదే వెళ్ళి ఒరిగిన గిన్నెని అటు తోసింది, నీళ్ళు ఆ చేతి మీదే పడ్డాయి, అప్పుడు అరిచింది చూడు, అదీ అరుపంటే, వాడి వీపు వెనకాలే, చెవి పక్కనే, వాడు దొరికిన మూతని తీసుకెళ్ళి వరసలో పెట్టుకుని ముచ్చటగా చూసుకుంటున్నాడు, అమ్మ పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది, తన చేతిని చూసింది, వాడి వీపుని చూసింది, మళ్ళీ చేతిని చూడలేదు, వాడి వెనక వంగి చప్పట్లు కొట్టింది, ఇంకా గట్టిగా కొట్టింది, మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయిలే అని అందరూ చెప్పిన మాటలన్నీ ఆ చప్పట్లతో నేలరాలిపోయాయి, ఆసుపత్రి బల్ల మీద కూడా అమ్మ తన చెయ్యి పట్టుకునే ఉంది, చూపు మాత్రం ఒళ్ళో ఉన్నవాడి చెవుల మీద, అప్పుడు ఏడుపొచ్చింది, నేను కదా కాలింది అని, తర్వాత పెద్దయ్యాక తెలిసింది, అమ్మ కూడా కాలింది అక్కడే, ఆ గుమ్మంలోనే.

మరి ఆ కాలిన చెయ్యే పేరైంది, ఎక్కడ, వినపడని పిల్లల బడి గేటు దగ్గర, వాడిని కొత్తగా చేర్పించి వారం తిరిగాక చూడ్డానికి వెళితే వాడు గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు, వెనక ఒక గుంపు, ఇంట్లో మూగగా మూల కూర్చునే పిల్లాడు ఆ గుంపులో ఎంత వాగుడుకాయో, చేతులు ఆడుతూనే ఉన్నాయి, అక్కడ పేర్లు అక్షరాలతో రాసుకునేవి కావు, మనిషిని చూసి పెట్టేవి, చెంప మీద సొట్ట ఉంటే సొట్ట, ఉంగరాల జుట్టుంటే ఉంగరాలు, చేరిన రోజున మనవాడికి ముందు పళ్ళు రెండూ ఊడిపోయి బోసి నోరు, అంతే, చూపుడువేలితో పై పళ్ళ చోట కొట్టి వేలు కిందికి జార్చడం, అది వాడి పేరు, పన్నూడినోడు, ఎవడ్రా నీకీ పేరు పెట్టిందని తను పోట్లాటకి దిగబోతే వాడేమో ఏదో బిరుదు వచ్చినట్టు ఛాతీ విరిచి నిలబడ్డాడు, అప్పుడు ఆ గుంపు తనవైపు తిరిగింది, మరి ఈవిడెవరు అని, వాడు ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు, కుడిచేతి వేళ్ళతో తన ఎడంచేతి వెనకభాగాన్ని మెల్లిగా నిమిరి, ఆ వేళ్ళని వెలుగు విచ్చుకున్నట్టు విప్పాడు, గుంపంతా అదే చేసింది, చిన్న చిన్న చేతులు, అన్నీ ఒక్కసారి, అది తన పేరు, అమ్మానాన్నలు పెట్టిన పేరు బళ్ళో హాజరు పిలవడానికి పనికొచ్చింది గానీ ఇది వేరు, ఇది వాడు పెట్టిన పేరు, ఆ రోజు నుంచి వాళ్ళ లోకంలో ఎవరు ఎక్కడ తన ప్రస్తావన తెచ్చినా ముందు ఆ చెయ్యి వస్తుంది, ఆ నిమురు వస్తుంది, ఎంత మంది చేతుల మీద ఎన్నిసార్లు పుట్టిందో తను.

ఆ పేరునే ఇప్పుడు సూదులు పెట్టి చెరిపేసుకుంటోంది, అదీ అసలు భయం, ఇంకే వంకలూ చెప్పక్కర్లేదు, వాడు ఏమనుకుంటాడు, అక్కకి సిగ్గేసింది అనుకుంటాడు, నాకోసం కాల్చుకున్న చెయ్యి ఇన్నాళ్ళకి బరువైంది, తెరమీదికి ఎక్కడానికి అడ్డమైంది, తుడిచేసుకుంటోంది అనుకుంటే, అనుకోడా, చిన్నప్పుడు నిద్రపోయే ముందు ఆ మచ్చ మీద చెంప ఆనించుకుని పడుకున్నవాడు అనుకోడా, చెప్తే ఒక బాధ, చెప్పకపోతే ఒక బాధ, చక్రం తీసి మళ్ళీ స్పిరిట్టులో వేసింది, కాచి చల్లార్చిన నీళ్ళతో అద్దింది, ఎర్రగా ఉబ్బి పోట్లాటకి వెళ్ళొచ్చినట్టుంది చెయ్యి, ఆ ఎరుపు సందుల్లో, ఇదిగో ఇక్కడ, మణికట్టు వైపు అంచు లోపలికి జరిగింది, నిజంగానే జరిగింది, మధ్యలో కూడా ఏదో మసక, మురికా అని పోయిన వారం సబ్బు పెట్టి రుద్దింది పిచ్చిది, పోలేదు, మురికి కాదు కాబట్టి పోలేదు, అమ్మో, వచ్చారా మీరు, ఎవరో వచ్చారు, పిలిస్తే వచ్చారు, సంతోషంతో చెయ్యి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది, ఆ వెంటనే దొంగతనం చేసినదానిలా దించేసుకుంది, సరిగ్గా అప్పుడే గుమ్మం గంట మోగింది, మోగింది అంటే మోగుతూనే ఉంది, ఆపకుండా, తెగకుండా, ప్రపంచంలో గంటని అలా నొక్కి పట్టుకునేవాడు ఒక్కడే, వాడికి అది వినపడదు కదా, తలుపు తీసేదాకా వేలు తియ్యడు, సాయంత్రం అన్నవాడు పొద్దున్నే ఊడిపడ్డాడు.

గబగబా గ్లాసు తీసి అలమరలోకి తోసింది, నల్లచొక్కా ఎక్కడ, బీరువాలో, టైం లేదు, ఇరుగుపొరుగు చెవులు చిల్లులు పడుతున్నాయి, తువ్వాలే దొరికింది, ఎడం చేతికి చుట్టేసుకుని తలుపు తీసింది, ఏరా ఇంత పొద్దున్నే, ఒంటి చేత్తో, మెషిన్ ఆగిపోయింది అక్కా, బాగుచేసేవాడు రేపు గానీ రాడు, అందుకే ఇటు వచ్చేశా, బావ ఏడి, బావ పనికెళ్ళాడు, ఒంటి చేత్తో, అమ్మ బాగుందా, బాగుంది, నిన్ను తిట్టమంది, ఫోన్ చెయ్యట్లేదట, చేస్తాలే, ఒంటి చేత్తో, ఎంత పొరపాటు, ఎంత తెలివితక్కువ పని, వాడు నొసలు ముడేశాడు, లోకంలో ఎవరి దగ్గరైనా చెయ్యి దాచుకోవచ్చు గానీ చేతులతో వినేవాడి దగ్గర దాచుకోవచ్చా, నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడినట్టే కదా, సగం మాటలు పొట్టలోనే ఉండిపోతుంటే వాడికి తెలియదా, ఏంటలా గొణుగుతున్నావు, సరిగ్గా చెప్పు అన్నాడు, ఏం లేదు, అప్పుడే గిన్నెలు కడిగా, తడి, అంది, అదీ ఒంటి చేత్తోనే, గిన్నెలు ఒక చెయ్యే కడిగిందా అని వాడి కనుబొమలు అడిగాయి, ఆ తర్వాత అడగడాలు లేవు, వచ్చి తువ్వాలు కొస పట్టుకుని లాగాడు, గుడ్డ కొస లాగడం వీడికి చిన్నప్పట్నించీ అలవాటే అని ఎంత చిత్రంగా తట్టిందో ఆ క్షణంలో, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, తువ్వాలు జారిపోయింది.

చూశాడు, ఎర్రగా ఉబ్బిన చేతిని చూసి మొహం పాలిపోయింది, మళ్ళీ కాలిందనుకున్నాడు, కాదు కాదు అని తను చెప్పబోతే ఆ చేతిని రెండు చేతులతో పట్టేసుకున్నాడు, మణికట్టు దగ్గర ఒక చెయ్యి, వేళ్ళ దగ్గర ఒక చెయ్యి, ఇంకేం చెప్తుంది, చేతులతో మాట్లాడేవాళ్ళ చెయ్యి పట్టుకోవడమంటే నోరు నొక్కడమే, మిగిలిన చెయ్యి గాల్లో ఏవో ముక్కలు చెప్తుంటే వాడు అటు చూడనే లేదు, కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు, వెలుతురులోకి, అక్కడ వంచి, తిప్పి, మళ్ళీ వంచి, వాడి మొహంలో ఏ భావమూ లేదు, అయిపోయింది, అనుకుంది, తెలిసిపోయింది, మచ్చ అంచు జరగడం చూశాడు, వాడి కన్ను మామూలు కన్నా, ప్రెస్సులో అచ్చుకాగితం మీద రంగు వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకుని మెషిన్ ఆపించే కన్ను, అందుకే కదా వాడికి ఆ ఉద్యోగం ఇచ్చి అట్టేపెట్టుకున్నారు, ఒక చేత్తో తన చెయ్యి వదలకుండానే రెండో చేత్తో జేబులోంచి చిన్న భూతద్దం తీశాడు, కంటికి ఆనించుకుని అచ్చుకాగితాలు చూసేది, ఎప్పుడూ జేబులోనే ఉంటుంది, అది మచ్చ మీద పెట్టి దాని మీద కన్ను పెట్టి వంగాడు, వంగినవాడు ఇక లేవలేదు, వాడి ఊపిరి చేతికి తగిలి చిమచిమలాడుతోంది, కుళాయి చుక్కలు వినపడుతున్నాయి, తనకే వినపడుతున్నాయి, వాడి మెడ మీద నెరిసిన వెంట్రుక ఒకటి, వీడికప్పుడే నెరుపా, ఎప్పుడు లేస్తాడు, ఏమంటాడు, లేచాడు, కళ్ళు ఇంతింత చేసుకుని లేచాడు, భూతద్దం ఆమె చేతిలో పెట్టాడు, చూడు.

చూసింది, మొదట ఏమీ తెలియలేదు, తెల్లటి మైదానం, ఎర్రటి చిన్న చిన్న గుంటలు, తర్వాత కన్ను కుదురుకుంది, చుక్కలు, గోధుమ రంగు చుక్కలు, ఒక్కో సన్నటి వెంట్రుక మొదట్లో ఒక్కో చుక్క, గుండ్రంగా, అంచులు మెత్తగా, ఒకదానికొకటి దూరదూరంగా, అక్కడొకటి, ఇక్కడ రెండు కలవబోతూ, కొసన ఒక చిన్న గుంపు, మురికి అనుకుని సబ్బు పెట్టి రుద్దింది వీటినే, సరిగ్గా తన రంగు, ఎవరు గుర్తుపెట్టుకున్నారు ఆ రంగుని, తొమ్మిదేళ్ళప్పుడు పోయిన రంగు, తనకే గుర్తులేని రంగు, ఏ పుస్తకంలో చూసి కలిపారు, ఎవరు చెప్పారు ఇంతే వెయ్యాలి, ఇంతకంటే వద్దు అని, దేవుడా, అనుకుంది, మామూలుగా అనుకునే మాట కాదు, నిజంగానే అనుకుంది, తమ్ముడు భుజం మీద తట్టాడు, ఇటు చూడు అని, ఇటు చూస్తే వాడి చేతులు అప్పటికే మాట్లాడుతున్నాయి, అక్కా, మా ప్రెస్సులో అంతే, పెద్ద బొమ్మ అంటావు, మొహం అంటావు, ఆకాశం అంటావు, అద్దం పెట్టి చూస్తే చుక్కలే, చుక్కలన్నీ వచ్చాక దూరంగా నిలబడితే బొమ్మ, నీ చేతి మీద అచ్చు పడుతోంది, ఇప్పుడే మొదలైంది, మెషిన్ ఆపకు, ఎవరు చేస్తున్నారు ఇది, అంటే డాక్టరమ్మ, సూదులు, తట్టడం, దాక్కున్న కణాలు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది, రెండు చేతులతో, మండుతున్నా రెండు చేతులతో, భుజం తట్టినట్టు తడితే ఇటు తిరుగుతాయట రా అంటే వాడు తన భుజాన్ని తనే తట్టుకుని చూసుకున్నాడు.

కోపం రాలేదా నీకు, అని అడిగింది, ఎందుకు, అన్నాడు, నీకు చెప్పలేదు కదా, దానికి మాత్రం వచ్చింది, తర్వాత తిడతాలే, ఇంకెందుకు, ఇంకెందుకంటే, ఎలా అడగాలి, గొంతుతో అడిగేదయితే గొంతు పూడుకుపోయేది, చేతులకి అలా పూడుకుపోవడం ఉండదనుకునేది, ఉంటుంది, వేళ్ళు బరువెక్కాయి, ఇది నీకోసం వచ్చిన మచ్చ, ఇది నా పేరు, రంగు మొత్తం వచ్చేసిందనుకో, అప్పుడు నన్నేమని పిలుస్తావు, అని అడిగేసింది, వాడికి అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పింది, మచ్చ పోతే నా పేరు ఏమవుతుంది రా, వాడు నవ్వాడు, వాడి నవ్వు వాడికి వినపడదు కాబట్టి దానికి హద్దూ అదుపూ ఉండదు, కిటికీ మీద పావురం ఎగిరిపోయింది, పక్కింట్లో ఎవరో తలుపు తీసి చూశారు, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని చూపుడువేలితో పై పళ్ళ మీద కొట్టి వేలు కిందికి జార్చాడు, ఇది ఎవరు, అన్నాడు, ఎవరేంటి, నువ్వే, ఎందుకు, నీకు పళ్ళు ఊడిపోయాయి కాబట్టి, ఎప్పుడు, బళ్ళో చేరినప్పుడు, మరి ఇదేంటి అని పెదవులు రెండూ వేళ్ళతో సాగదీసి మొహం మొహం దగ్గరికి తెచ్చి చూపించాడు, పళ్ళు, రెండూ ఉన్నాయి, పారల్లా ఉన్నాయి, ఒకటి కొంచెం వంకర, ఎన్నేళ్ళుగానో ఉన్నాయి, ఆ పళ్ళతోనే పెళ్ళి ఫోటోలో నవ్వాడు, ఆ పళ్ళతోనే ఉద్యోగం వచ్చిన రోజు స్వీటు కొరికి మిగతా సగం తన నోట్లో పెట్టాడు, తనేమో అన్నాళ్ళూ ఆ పళ్ళ వంకే చూస్తూ, పన్నూడినోడా, పన్నూడినోడా ఇటురా, మా పన్నూడినోడి పెళ్ళి, మా పన్నూడినోడికి ప్రెస్సులో పని దొరికింది అని చెప్పుకుంటూనే ఉంది, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా అనుమానం రాలేదు, వీడికి పళ్ళు ఉన్నాయి కదా, ఈ పేరెందుకు పిలుస్తున్నాం అని, పిలిస్తే వాడు పలుకుతున్నాడు, ఇంకేం కావాలి, పేరుకి ఊడిన పన్ను అక్కర్లేకపోయింది, పిలిచేవాళ్ళు ఉన్నారు, పలికేవాడు ఉన్నాడు, అంతే, అంతే కదా, వాడు ఇంకా ఎదురుచూస్తున్నాడు, ఏమంటావు అన్నట్టు, ఆమె ఎర్రగా మండుతున్న ఎడం చేతినే ఎత్తి, ఆ వేలితోనే తన పళ్ళ మీద కొట్టి కిందికి జార్చింది, వాడు కనుబొమలెత్తి పలికాడు, ఆ తర్వాత బడి గేటు దగ్గర నిలబడ్డప్పటంత నిమ్మళంగా, కుడిచేతి వేళ్ళతో తన ఎడంచేతి వెనకభాగాన్ని నిమిరి, వెలుగులా విప్పి పిలిచాడు, ఆమె పలికింది.